సన్మానం సెట్టు: శాలువా నుంచి జ్ఞాపిక దాకా ఏది కొనొచ్చు, ఏది వద్దు

నెల్లూరు ట్రంకు రోడ్డయినా, ఒంగోలు కర్నూలు రోడ్డయినా, గిఫ్టు షాపులో అడుగుపెట్టి "రిటైర్మెంటు ఫంక్షనండీ" అంటే చాలు, కౌంటరు మీదికి సెట్టు దిగిపోతుంది. జరీ శాలువా, పూసల దండ, అక్రిలిక్ జ్ఞాపిక, ఫ్రేము కట్టిన సన్మాన పత్రం, పళ్ళబుట్ట. ఆఫీసులో చందాలు పోగుచేసే పని నెత్తిన పడ్డ జూనియర్ అసిస్టెంటుకి ఇది నిజంగా సదుపాయమే. ఒకటే బిల్లు, ఒకటే చోటు. చిక్కల్లా ఎక్కడంటే, డబ్బంతా ఫొటోలో పడే వస్తువుల మీద పోతుంది. ముప్పై అయిదేళ్ళ సర్వీసు గురించి నాలుగు మాటలు చెప్పాల్సిన కాగితానికి మాత్రం అన్నిటికంటే తక్కువ మిగులుతుంది. అందుకని సెట్టుగా కాకుండా విడివిడిగా కొనడమే మేలు.

ముందు తేదీ సంగతి చూసుకోవాలి. 2022 జనవరి నుంచి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకి విరమణ వయసు 62. పుట్టిన నెల ఆఖరి రోజున దిగిపోతారు. ఒకటో తారీఖున పుట్టినవాళ్ళయితే అంతకుముందు నెల ఆఖరి రోజునే. వెనకటి హెడ్మాస్టర్లు బళ్ళో చేర్చుకునేటప్పుడు ఎంతమంది పిల్లలకి జూలై 1 అని రాసేశారో జూన్ 30న తెలుస్తుంది. ఆ వారం షాపుల్లో పని పేరుకుపోతుంది, తప్పులూ అప్పుడే ఎక్కువ. జూన్ సభకి పదో తారీఖులోపే ఆర్డరు ఇచ్చెయ్యండి. మే నెల ఫైలు మీదే పేరు మార్చి కొట్టడం వల్ల జ్ఞాపిక మీద "31-06" అని పడే ప్రమాదం ఉంది, చూసుకోండి. ఆఖరి రోజు ఆదివారమై సభ శనివారమే పెట్టుకున్నా, పత్రం మీద ఉండాల్సింది విరమణ తేదీ. సభ తేదీ కావాలంటే అడుగున చిన్నగా వేయించుకోవచ్చు. చార్జి అప్పగింత మధ్యాహ్నం కాబట్టి మూడున్నర ముందు సభ అంటే ఆ మనిషి సగం ప్రాణం ఫైళ్ళ దగ్గరే ఉంటుంది.

ఇక సన్మాన పత్రం. సెట్టుతో వచ్చే పత్రంలో మేటర్ ఎప్పుడో రాసిపెట్టి ఉంటుంది: స్నేహశీలి, మృదుభాషి, నిగర్వి, అజాతశత్రువు. పేరూ హోదా మార్చి ప్రింటు తీస్తారు. చెరువు ఆక్రమణలు తీయించిన తహసీల్దారు అజాతశత్రువు ఎట్లా అవుతారు? ఆయనకి శత్రువులు ఉండటమే ఆయన ఉద్యోగం చేశారనడానికి గుర్తు. ఈ పాత మేటర్‌కి ఒక్క రూపాయి కూడా దండగే.

మేటర్ ఆఫీసులోనే రాసుకోవాలి. సర్వీసు రిజిస్టరు తీస్తే మొదటి పోస్టింగు, బదిలీలు, ప్రమోషన్లు తేదీలతో సహా దొరుకుతాయి. అందులోంచి మూడు పనులు ఎంచండి, ప్రతిదానికీ ఊరూ సంవత్సరమూ ఉండాలి. 1990ల మొదట్లో అక్షరాస్యత కేంద్రాలు నడిపినవాళ్ళు ఇప్పుడు దిగిపోయే వయసులోనే ఉన్నారు. ఆ రాత్రి చదువుల్లోంచే దూబగుంటలో సారా మీద తిరుగుబాటు లేచిన నెల్లూరు జిల్లాలో ఆ మాట రాయకపోతే ఎట్లా? 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు పునరావాస కేంద్రంలో అన్నం వండించిన వీఆర్వో, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను తర్వాత నీళ్ళలో దిగి పంటనష్టం రాసిన వ్యవసాయాధికారి, సోమశిల కాలువ చివరి ఊరికి నీళ్ళు చేర్చిన లష్కరు... ఇట్లాంటి ఒక్క వాక్యం పది విశేషణాల పెట్టు. మొత్తం నూట యాభై పదాలు దాటనివ్వొద్దు. బిగ్గరగా చదవడానికి నిమిషంన్నర, మహా అయితే రెండు నిమిషాలు పడుతుంది. అంతకు మించితే వెనక వరసలో టీ కప్పుల చప్పుడు మొదలవుతుంది.

హోదాలు, జిల్లాల పేర్ల దగ్గర బాగా దెబ్బతింటారు. మండలాలు వచ్చింది 1985లో. అప్పట్లో ఎం.ఆర్.ఓ. అన్న హోదానే తర్వాత తహసీల్దారు అయింది. 1998లో కందుకూరులో చేసినవారి పత్రంలో ప్రకాశం జిల్లా అనే రాయాలి, ఎందుకంటే ఆ ఊరు నెల్లూరు జిల్లాలోకి వచ్చింది 2022 ఏప్రిల్ పునర్విభజనలో. అప్పుడే చీరాల బాపట్ల జిల్లాకి, వెంకటగిరి తిరుపతి జిల్లాకి వెళ్ళాయి. నెల్లూరు జిల్లా పేరు ముందు పొట్టి శ్రీరాములు పేరు చేరింది 2008లో. సర్వీసు చేసిననాటికి ఏ పేరు ఉంటే అదే వెయ్యడం పద్ధతి. వేదిక మీద పాతవాళ్ళు ఇట్టే పట్టేస్తారు.

అచ్చు దగ్గర ఇంకో తంటా. మీరు వాట్సాప్‌లో పంపేది యూనికోడ్ మేటర్. డీటీపీ సెంటర్లలో ఇంకా చాలాచోట్ల యూనికోడ్ కాని పాత "అను" ఫాంట్లే నడుస్తున్నాయి. యూనికోడ్ మేటర్ అందులో నేరుగా అతికిస్తే చెత్తగా వస్తుంది. కన్వర్టర్‌లో వేస్తే వత్తులు పక్కకి జారతాయి. మళ్ళీ టైపు చేస్తే కొత్త తప్పులు దొర్లుతాయి. "క్ష", "శ్రీ", "ర్య" ఉన్న పేర్లు ప్రత్యేకంగా చూడండి. "పదవీ విరమణ"లో దీర్ఘం ఎగిరిపోయి "పదవి విరమణ" అవుతుంది. ప్రూఫ్ ఫోన్లో కాదు, అసలు సైజులో కాగితం మీద తీయించి, మేటర్ రాయని ఇంకొకరి చేత చదివించాలి. ఇంటిపేరు, ఇనీషియల్స్ సర్వీసు రిజిస్టరుతో సరిపోల్చుకోవాలి. 12×18 అంగుళాల ఫ్రేము చాలు. లామినేషన్ మ్యాట్ తీసుకోండి, గ్లాసీ అయితే ఫొటోల్లో ఫ్లాష్ మెరుపు తప్ప అక్షరం కనపడదు. ఇంక్‌జెట్ ప్రింటు వద్దు. తడి దండ తగిలితే సిరా పాకుతుంది.

జ్ఞాపికల్లో ఎక్కువగా అంటగట్టేది అక్రిలిక్. రెండు రకాలుగా ముద్రిస్తారు. స్టిక్కరు అంటించింది ఎండకి అంచుల దగ్గర లేస్తుంది, బుడగలు కడుతుంది. యూవీ ప్రింటు, లేజరు చెక్కుడు నిలుస్తాయి. తేడా తెలుసుకోవడం తేలిక: గోటితో అంచు గీకి చూడండి, పొర తగిలితే స్టిక్కరే. పారదర్శకంగా ఉన్న పలక మీద తెల్లటి లేజరు అక్షరాలు వేస్తే వెనక నల్లగా ఏదో ఒకటి ఉంటే తప్ప చదవలేం. పలకని దిమ్మకి ఫెవిక్విక్ లాంటి జిగురుతో అంటిస్తే అతుకు చుట్టూ తెల్లటి పొగలాగా పడుతుంది, తుడిచినా పోదు. అడుగున స్క్రూతో బిగించింది అడగండి. తెలుగు చెక్కించేటప్పుడు ఫైలుని "కర్వ్స్"లోకి, అంటే అక్షరాలని గీతల బొమ్మగా, మార్చమని చెప్పడం మరవొద్దు. లేకపోతే లేజరు మిషను ఉన్న కంప్యూటర్లో ఆ ఫాంటు ఉండదు, సంయుక్తాక్షరం విడిపోయి పొల్లు కనపడుతుంది. పలక మీద చెక్కాక దిద్దే దారి లేదు.

ఒంగోలు వైపు చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు పలక ఇవ్వడం ఒక గౌరవం. రాయి మన్నుతుంది, అందులో సందేహం లేదు. కానీ ఆ నల్లరాయిలో బంగారు చుక్కలే దాని అందం, అదే ఇక్కడ ఇబ్బంది. బంగారు రంగు నింపిన చిన్న అక్షరాలు ఆ చుక్కల్లో కలిసిపోతాయి. తెలుపు నింపించండి, అక్షరం ఎత్తు సెంటీమీటరుకి తగ్గనివ్వొద్దు, మూడు నాలుగు పంక్తులతో సరిపెట్టండి. బరువు కూడా లెక్కలో ఉండాలి: 12×8 అంగుళాల పలక రెండు సెంటీమీటర్ల మందం ఉంటే దాదాపు మూడున్నర కిలోలు తూగుతుంది. ఫొటోగ్రాఫరు "ఇంకొక్కటి సార్" అంటుంటే అరవై రెండేళ్ళ మనిషి రెండు నిమిషాలు చేతుల్లో మొయ్యాలి. బల్ల మీద ఆనించి పట్టుకునేలా స్టాండు తీసుకుంటే ఆ బాధ ఉండదు.

ఒంగోలు గిత్త బొమ్మల్లో సగం ఒంగోలు గిత్తలే కావు. కొమ్ములు పొడుగ్గా పైకి లేచి ఉంటే అది వేరే జాతి పశువు. ఒంగోలు జాతికి కొమ్ములు పొట్టిగా, మొద్దుగా ఉంటాయి. మూపురం నిండుగా, గంగడోలు మడతలు మడతలుగా వేలాడాలి. ఒళ్ళు తెలుపు, గిత్తకయితే తల, మెడ, మూపురం మీద బూడిద నలుపు తేలుతుంది. పశువైద్యాధికారికి ఇచ్చే బొమ్మయితే మరీ జాగ్రత్త, ఆయన మెడలో దండ ఉండగానే తప్పు పట్టగలరు. రెసిన్ బొమ్మలకి ముందు విరిగేది చెవులు, తర్వాత తోక. పెట్టెలో స్పాంజి గట్టిగా బిగించి ఉందో లేదో ఒకసారి ఊపి చూడండి.

అన్నిటిలోకీ ఎక్కువ మార్కులు ఉదయగిరి చెక్క గరిటెలకే. నర్ది, బిక్కి లాంటి కొండ కర్రతో చేతిమీద చెక్కే గరిటెలు, స్పూన్లు, ఫోర్కులు, ట్రేలు. భౌగోళిక గుర్తింపు ఉన్న పని. షోకేసులో పెట్టాల్సిన అవసరం లేదు, వంటింట్లో రోజూ చేతికి తగులుతుంది. పట్టుకునే చోట జాలీలాగా కోసిన నగిషీ దగ్గర వేలు పెట్టి చూడండి: ముళ్ళు తగలకుండా నున్నగా ఉండాలి, రెండు వైపులా ఒకేలా తెగి ఉండాలి. గరిటె గుంటలో నిలువు చార చీలికలాగా కనపడితే పక్కన పెట్టెయ్యండి, వేడి పులుసులో పెట్టగానే అది విచ్చుకుంటుంది. వార్నిషు పూసి తళతళలాడేది వంటకి వద్దు. చేతిపని కాబట్టి సెట్టు కావాలంటే మూడు వారాల ముందే చెప్పాలి. పేరు గరిటె మీద కాకుండా పెట్టె మూత మీద చెక్కించండి. పెట్టెలో ఒక చీటీ పెడితే బాగుంటుంది: నీళ్ళలో నానబెట్టొద్దు, కడగ్గానే తుడిచి నీడన ఆరబెట్టాలి, నెలకోసారి కొబ్బరినూనె చుక్క రాయాలి. ఎండలో పెడితే బీటలిస్తుంది.

శాలువా గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. రెండు మీటర్ల పొడవు లేకపోతే భుజం మీద నిలవదు. కవరు, గుండుసూదులు, ధర చీటీ వేదిక ఎక్కకముందే తీసెయ్యాలి. మే 31 అంటే రోహిణి కార్తె. ఆ ఎండల్లో పాలిస్టరు జరీ శాలువాలు డజను కప్పడం సన్మానం కాదు, ఆవిరి పట్టడం. వెంకటగిరి నూలు ఉత్తరీయం ఒక్కటి చాలు, తర్వాత గుడికి వెళ్ళేటప్పుడైనా వాడతారు. మహిళా ఉద్యోగి అయితే శాలువా మానేసి అదే డబ్బుకి ఇంకొంత కలిపి వెంకటగిరి నూలు చీర ఇవ్వండి. దండ కిలోకి మించొద్దు, రంగు అద్దిన పూలు వద్దు, తెల్ల చొక్కా కాలరు గులాబీ రంగుకి తిరుగుతుంది. దండ తీశాకే శాలువా, పత్రం చదివాకే అందజేత. ఈ వరస తప్పితే పత్రం చేతికిచ్చి మళ్ళీ లాక్కుని చదవాల్సి వస్తుంది.

చందాల దగ్గర ఒక మాట. పోస్టాఫీసు లాంటి కేంద్ర ఆఫీసుల్లో 1964 ప్రవర్తనా నియమావళి 14వ నియమం ప్రకారం విరమణ వీడ్కోలు ఆర్భాటం లేకుండా, ప్రైవేటుగా జరుపుకోవచ్చు. చందా కోసం ఎవరినీ ఒత్తిడి చెయ్యకూడదు. జాబితా గోడకి అంటించి, ఎవరెంత ఇచ్చారో పేర్ల పక్కన రాయడం కూడా ఒత్తిడే.

స్వీటుకి మలై కాజా ఉండగా ఇంకోదాని జోలికి పోనక్కర్లేదు, ముందురోజు కొని పెట్టకుండా ఆ పూటే తెప్పిస్తే చాలు.

షాపునుంచి బయటికి వచ్చేముందు సన్మాన పత్రం ఫైలుని పీడీఎఫ్‌గా అడిగి తీసుకోండి. సభ జరుగుతుండగానే ఇంట్లోవాళ్ళకి వాట్సాప్ చేస్తే, ఫ్రేముకి గోడలో మేకు దిగేలోపు అమెరికాలో ఉన్న పిల్లలు చదివేసి ఫోన్ చేస్తారు.