శ్మశానం ఫర్నేస్ ఆపరేటర్ సర్టిఫికెట్ కోచింగ్‌కు డబ్బు కట్టబోతున్నారా? ఆగండి

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఐటీఐ చదివి, గ్యాస్ శ్మశానంలోనో కరెంటు శ్మశానంలోనో ఆపరేటర్ పనికి పోదామనుకునే తమ్ముళ్ల కోసం రాస్తున్నాను. నాకు 18,500 రూపాయలు పోయాయి.

2021లో కరోనా టైంలో మా మామను దహనానికి తీసుకెళ్లాం. ఫర్నేస్ దగ్గరున్న మనిషి నిద్ర లేక కళ్లు ఎర్రబడినా ఏ ఇంటివాళ్ల మీదా విసుక్కోలేదు. ఆ పని పద్ధతిగా నేర్చుకోవాలని అప్పటి నుంచీ నా మనసులో ఉంది. అందుకే "అమెరికా సర్టిఫికెట్‌కు ప్రిపరేషన్, పాసైతే కార్పొరేషన్‌లో ఉద్యోగం, లేదంటే ఫారిన్" అని ఫోన్‌లో ప్రకటన కనపడగానే వెళ్లాను. "నీకెందుకప్పా టెన్షన్, మెటీరియల్ చదువు చాలు, మిగతాది మేం చూసుకుంటాం" అన్నారు. నమ్మి కట్టేశాను. జీఎస్టీ నంబరు లేని తెల్ల కాగితం మీద రసీదు రాసిచ్చారు, అక్కడే నాకు అనుమానం రావాల్సింది.

మెటీరియల్ అంటే ఒక పీడీఎఫ్. ఫర్నేస్ వేడి 1,600 డిగ్రీల సెల్సియస్ అని ఉంది అందులో. నిజానికి అది ఫారెన్‌హీట్ లెక్క, మన లెక్కలో 870 దగ్గర. ఎక్కడిదో కాపీ కొట్టి డిగ్రీలు కూడా మార్చుకోలేదు. ఇది పోనీ అనుకున్నా, పేస్‌మేకర్, అంటే గుండె సరిగ్గా కొట్టుకోవడానికి పెట్టే చిన్న మిషను, ఒంట్లో ఉన్నా ఫర్వాలేదు, వేడికి కరిగిపోతుందని రాశారు! దాని బ్యాటరీ లోపల పేలుతుంది, ఫర్నేస్ లోపల వేడిని తట్టుకునే ఇటుకలు (ఫైర్ బ్రిక్స్) పగలొచ్చు, తలుపు దగ్గరున్న మనిషికి దెబ్బ తగలొచ్చు, అందుకే ముందే తీయించాలి. బాగా బరువున్న శరీరాన్ని ఎప్పుడు పెట్టాలనేది అసలు లేనే లేదు. ఫర్నేస్ బాగా కాగి ఉన్నప్పుడు పెడితే కొవ్వు ఒక్కసారిగా అంటుకుని చిమ్నీలోంచి నల్ల పొగ, ఒక్కోసారి మంట కూడా వస్తుంది, కాబట్టి ఆ రోజుకు మొదటి దహనంగా పెడతారు. ఇవన్నీ పక్క ఊళ్లో పనిచేసే ఒక అన్న చెప్తే తెలిశాయి, ఆయన పైసా తీసుకోలేదు.

వీళ్లు చెప్పిన అమెరికా సర్టిఫికెట్ ఇచ్చేది కానా, అంటే క్రిమేషన్ అసోసియేషన్ ఆఫ్ నార్త్ అమెరికా, 1913 నాటి సంస్థ. క్లాసూ పరీక్షా వాళ్లే పెడతారు, ఆన్‌లైన్‌లో నేరుగా చేరొచ్చు, మధ్యలో ఎవరూ అక్కర్లేదు. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో ఆపరేటర్‌కు సర్టిఫికెట్ తప్పనిసరి, కానీ దాంతో వీసా రాదు, ఇక్కడ కార్పొరేషన్ ఉద్యోగానికీ అది హామీ కాదు. ఎవరైనా మన ప్రభుత్వ గుర్తింపు ఉందంటే, స్కిల్ ఇండియా క్వాలిఫికేషన్ కోడ్ అడిగి చూసుకోండి. ఫర్నేస్ దగ్గర ఎన్ని రోజులు నిలబెడతారో కూడా అడగండి. నన్ను ఒక్క రోజు కూడా నిలబెట్టలేదు.

డబ్బు తిరిగివ్వమంటే ఫోన్ ఎత్తడం మానేశారు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. ఇలాగే కట్టినవాళ్లు ఉంటే రసీదు, ఫోన్‌పే స్క్రీన్‌షాట్, వాట్సాప్ మెసేజీలు ఏవీ చెరిపేయకండి, మీరూ ఫిర్యాదు పెట్టండి.