బాలాజీ కాలనీ డీటీపీ షాపులో పగాన్ రాజుల వంశవృక్షం: నాలుగు స్టార్లు

వంశవృక్షం చార్ట్ ప్రింట్ చేయించుకోవాలనుకునేవాళ్లకి పనికొస్తుందని ఇది రాస్తున్నా. మీ తాతముత్తాతలది అయితే ఏ షాపైనా చేసిపెడుతుంది. తండ్రి, కొడుకు, మనవడు అని తిన్నగా దిగని వంశమైతే మాత్రం షాపు చూసుకుని ఇవ్వండి.

నేను చిత్తూరులో జూనియర్ కాలేజీలో హిస్టరీ చెబుతాను. బంగాళాఖాతం అవతలి రాజ్యాల మీద మా కాలేజీలో ఎగ్జిబిషన్ పెట్టాం. నా వంతు బర్మా. అక్కడి పాత రాజధాని పగాన్‌ని ఏలిన రాజుల వరస మొత్తం ఒక్క చార్ట్ మీద రావాలి, వెనక బెంచీ పిల్లాడికి కూడా కనబడాలి. ముందు మా ఊళ్లోనే ఒక షాపులో ఇచ్చాను, పేరు వద్దులెండి. గృహప్రవేశాలకీ షష్టిపూర్తులకీ వాడే చెట్టు డిజైన్ ఒకటి ఉంటుంది కదా, అందులో నింపేశారు. కొమ్మకో రాజు, ఆకుకో రాణి, పైన వినాయకుడు. క్యాన్‌సిత్థా అనే రాజు పేరులో వత్తులన్నీ విడిపోయి పక్కపక్కన నిలబడ్డాయి. అడిగితే "కంప్యూటర్‌లో అట్లే వస్తాది సార్" అన్నారు.

అప్పుడు యూనివర్సిటీలో థీసిస్ బైండింగ్ చేయించుకున్న మా కొలీగ్ ఈ షాపు చెప్పాడు. తిరుపతి బాలాజీ కాలనీలో, కింద జిరాక్స్, మెట్లెక్కితే పైన డీటీపీ. కూర్చోవడానికి రెండే స్టూళ్లు, వాటి మీద కూడా థీసిస్ కట్టలే. ఓనర్ ఎప్పుడూ ఫోన్‌లోనే ఉంటాడు. పని చేసేది ఆపరేటర్ అమ్మాయి. ఈ రివ్యూ నిజానికి ఆ అమ్మాయికే.

మొదట ఫాంటు. ఆమె కాగితం చూసి, ఫోటోషాప్‌లో ఒక సెట్టింగ్ మార్చి, క్యాన్‌సిత్థా అని కొట్టి, స్క్రీన్ మీద పెద్దది చేసి చూపించింది. వత్తు అక్షరం కిందే బుద్ధిగా కూర్చుంది. అర నిమిషం పని. చిత్తూరు షాపు గుర్తొచ్చి కడుపు మండింది.

తర్వాత ఆమె టైపు చేయడం మొదలుపెట్టలేదు. కాగితం మొత్తం చదివింది. చదివి, "సార్, ఈ పైన ఉండేవాళ్లందరూ నిజంగా ఉండారా? క్రీ.శ. 107 అని రాసినారే" అంది. నా పిల్లలు సంవత్సరమంతా అడగని ప్రశ్న అది. 1829లో బగ్యిదా రాజు పండితులను కూర్చోబెట్టి రాజచరిత్ర రాయించాడు. దాని ప్రకారం పగాన్ 107లోనే పుట్టింది. 849లో ప్యిన్‌బ్యా కోటగోడ కట్టాడన్నదీ ఆ చరిత్రల మాటే. శాసనాల ఆధారంతో గట్టిగా నిలబడే వరస మాత్రం 1044లో గద్దెనెక్కిన అనవ్రథ నుంచి. మట్టి ఫలకాల మీద అనిరుద్ధదేవ అని ముద్ర వేయించుకున్న రాజు ఇతనే. ఇదంతా చెబితే ఆమె, "అయితే పైవాళ్లకి చుక్కల గీత వేస్తా, అనిరుద్ధుని కాడినుంచి గట్టి గీత" అంది. ఎంత బాగుంది! పాఠంలో పేజీ పట్టే సంగతి ఒక్క గీతతో తేలిపోయింది.

చుక్కల గీత వైపే కథలన్నీ ఉన్నాయి. థేన్‌ఖో రాజు వేటకు పోయి, ఆకలేసి ఒక పొలంలో దోసకాయ తెంపుకుని తింటే, రైతు కొట్టి చంపాడట. రాజు పోయాడని తెలిస్తే ఊరు అల్లకల్లోలం అవుతుందని ఆ రైతునే గద్దె మీద కూర్చోబెట్టారట. ఇలాంటి దోసకాయ రాజు కథ కంబోడియాలోనూ ఉంది కాబట్టి నేను పెద్దగా నమ్మను. ఆ రైతు పెట్టెలో మాత్రం ఆపరేటరమ్మ చిన్న దోసకాయ బొమ్మ పెట్టింది. నేను అడగలేదు, తీసెయ్యమనీ అనలేదు. ఎగ్జిబిషన్‌లో పిల్లలు మొదట చూసింది దాన్నే.

అసలు చిక్కు గట్టి గీత మొదలయ్యాక వస్తుంది. అనవ్రథ తర్వాత కొడుకు సాలూ, 1077లో. తిరుగుబాటు చేసిన ఙయమన్‌కన్ అతన్ని పట్టి ఉంచుకుంటే, సేనాని క్యాన్‌సిత్థా రాత్రిపూట పోయి రాజును భుజాన వేసుకుని బయటపడబోయాడట. ఇతను నన్ను చంపడానికే వచ్చాడనుకుని సాలూ కేకలు పెట్టాడు. క్యాన్‌సిత్థా అక్కడే దించేసి నదిలో ఈదుకుంటూ పోయాడు. సాలూ ప్రాణం పోయింది, ఆ తర్వాత క్యాన్‌సిత్థానే రాజయ్యాడు. ఇది విని అమ్మాయి మౌస్ వదిలేసి నవ్వింది. "మరి ఈ క్యాన్‌సిత్థా ఎవురి కొడుకు సార్? గీత యాడ కలపాల?" కథల్లో అనవ్రథ రాణి పంచకల్యాణి కొడుకు, తండ్రి ఎవరన్నదే అనుమానం. అందుకని అక్కడ మళ్లీ చుక్కల గీత.

ఆపైన ఇంకో మెలిక. క్యాన్‌సిత్థా తన కూతురు ష్వే ఐన్‌థీని సాలూ కొడుకు సాయున్‌కి ఇచ్చాడు. వాళ్లకి పుట్టిన అలౌంగ్‌సిథుకే రాజ్యం అని మాటిచ్చేశాడు. అటు అనవ్రథ రక్తం, ఇటు క్యాన్‌సిత్థా రక్తం ఆ ఒక్క పిల్లాడిలో కలిశాయి. ఆ తర్వాత బయటపడ్డాడు సొంత కొడుకు, పేరే రాజకుమారుడు. మాట మాటే, రాజ్యం మనవడికే. చెట్టు డిజైన్‌లో దీన్ని ఎలా చూపిస్తారు? ఈ అమ్మాయి రెండు రంగుల గీతలు రెండు వైపుల నుంచి తెచ్చి అలౌంగ్‌సిథు పెట్టె మీద కలిపింది. రాజకుమారుడి గీతను పక్కకు తీసి, చివర రాతిస్తంభం బొమ్మ పెట్టింది.

ఆ స్తంభం మ్యజేది శాసనం. నాలుగు ముఖాలు, నాలుగు భాషలు: పాలి, ప్యూ, మోన్, బర్మీ. తండ్రి మరణశయ్య మీద ఉండగా రాజకుమారుడు బంగారు బుద్ధుడి విగ్రహం చేయించి, చనిపోయిన తల్లికి రాజు ఇచ్చిన మూడు ఊళ్ల సేవకులను దానికి ధారపోశాడు. గద్దె దక్కని కొడుకు రాతే ఈ రాజుల కాలం లెక్కకు పట్టుకొమ్మ అయింది. బుద్ధశకం 1628లో తండ్రి రాజయ్యాడని, 28 ఏళ్లు ఏలాక జబ్బు పడ్డాడని అందులో ఉంది. అమ్మాయి కాలిక్యులేటర్ తీసింది. క్రీ.శ.లోకి మార్చడానికి 1628లోంచి 544 తీసేస్తే 1084. దానికి 28 కలిపితే 1112. "మీరు 1112/13 అని రాసినారే, ఒకటి పెట్టండి సార్." వాళ్ల సంవత్సరం మన ఉగాది మాదిరి ఏప్రిల్ దగ్గర మొదలవుతుంది, అందుకే రెండేళ్ల మీదా పడుతుందని చెప్పాను. "అయితే గీత పెట్టి రెండూ ఉంచుతా" అంది. పరీక్ష పేపర్లు దిద్దేవాళ్లలో కూడా అందరూ ఇంత పట్టించుకోరు.

మిగతా పని త్వరగా అయింది. తండ్రి అలౌంగ్‌సిథును ష్వేగూజీ గుడిలో ఊపిరాడకుండా చేసి చంపాడని చెప్పే నరథుకి ఎర్ర పెట్టె. 1174 నుంచి 1211 దాకా ప్రశాంతంగా ఏలిన నరపతిసిథుకి పచ్చ. క్యస్వా, క్యాస్వా ఇద్దరు వేరు రాజులని చెప్పేసరికి మాత్రం టైమ్ పట్టింది. ఉజానాలు కూడా ఇద్దరే. నరతిహపతే పెట్టెలో అతని మింగలజేది శాసనం గొప్ప వేయించాను: 3 కోట్ల 60 లక్షల సైన్యానికి అధిపతి, రోజుకు 300 రకాల కూరలు తినేవాడు. మంగోలులు వస్తుంటే రాజధాని వదిలి పారిపోయినవాడూ ఇతనే. 1287లో కన్నకొడుకే విషం పెట్టి చంపాడు. 1297లో మ్యిన్‌సైంగ్ అన్నదమ్ములు ముగ్గురు క్యాస్వాను దించేశాక మిగిలినవాళ్లు పేరుకే రాజులు, వాళ్లకి బూడిద రంగు.

ఇక ఓనర్ సంగతి. అప్పటిదాకా ఫోన్‌లో ఫ్లెక్సీల బేరం చేస్తున్న మనిషి, మూలన పెట్టెలో "కులశేఖర" అన్న మాట స్క్రీన్ మీద చూసి లేచి వచ్చాడు. పగాన్‌లో 13వ శతాబ్దం నాటి తమిళ శాసనం ఒకటి దొరికింది. మలబారు నుంచి వెళ్లిన కులశేఖర నంబి అనే వర్తకుడు అక్కడి నానాదేశి విణ్ణగర్ అనే విష్ణ్వాలయానికి మండపం కట్టించి, తలుపు పెట్టించి, దీపం ఇచ్చాడు. శాసనం మొదట్లో ముకుందమాలలోని శ్లోకం చెక్కించాడు. ఆ స్తోత్రం కులశేఖర ఆళ్వారుదని మన నమ్మకం. కొండ మీద స్వామి ముందున్న గడపను కులశేఖర పడి అంటున్నది ఆయన పేరుతోనే కదా. "మన కులశేఖర పడి ఆయనేనా సార్? బర్మాలోనా?" అని ఓనర్ రెండుసార్లు అడిగాడు. ఆ పెట్టె సైజు పెంచమని అమ్మాయికి తనే చెప్పాడు. బిల్లులో మాత్రం రూపాయి తగ్గించలేదు.

బిల్లు డిజైన్, సన్‌బోర్డ్ మీద వినైల్, లామినేషన్ కలిపి పద్నాలుగు వందలు. చిత్తూరులో చెప్పినదానికంటే ఎక్కువే. కానీ అక్కడ డిజైన్‌కి విడిగా తీసుకోలేదంటే, డిజైన్ చేయలేదు కాబట్టే.

ఒక స్టార్ ఎందుకు కోశానంటే, లామినేషన్ మెరుపుది వేశారు. మ్యాట్ కావాలని చెప్పాను, కింద మిషన్ దగ్గరి అబ్బాయికి ఆ కబురు అందలేదు. కిటికీ వెలుతురు పడితే అలౌంగ్‌సిథు దగ్గర నుంచి కింద ఏమీ కనబడదు. హాల్లో చార్ట్‌ను ఎదురుగోడకి మార్చుకోవాల్సి వచ్చింది. నరథు ఎరుపు కూడా స్క్రీన్ మీద ఉన్నట్టు రాలేదు, ఇటుక రంగులోకి దిగింది. ముందు చిన్న సైజులో ఒక ప్రూఫ్ తీసిచ్చుంటే అక్కడే పట్టుకునేవాళ్లం. అడిగితే ఇస్తారట, వాళ్లంతట వాళ్లు చెప్పరు.

బండి పెట్టుకోవడానికి చోటు లేదు. థీసిస్‌లు సబ్‌మిట్ చేసే సీజన్‌లో, ఎన్నికల ఫ్లెక్సీల సీజన్‌లో వెళ్లొద్దు, మీ పని అడుక్కి పోతుంది. మధ్యాహ్నం భోజనం తర్వాత పోతే ఆ అమ్మాయి ఖాళీగా దొరుకుతుంది. ఫైల్ వాళ్ల దగ్గరే ఉంది. హిస్టరీ లెక్చరర్లు ఎవరికైనా కావాలంటే "దోసకాయ రాజు చార్ట్" అని అడగండి, ప్రింట్ ఖర్చు మాత్రం తీసుకుంటామన్నారు. మ్యాట్ అని ఆర్డర్ కాగితం మీద రాయించుకోండి.