పాత పాస్‌వర్డ్ మళ్లీ పెట్టనివ్వకూడదంటే: హిస్టరీ టేబుల్ మేలా, లీకుల జాబితా మేలా?

పాత పాస్‌వర్డ్ మళ్లీ పెట్టకుండా ఆపమని క్లయింట్ అడగగానే చాలామంది పాత హ్యాష్‌లకో (హ్యాష్ అంటే పాస్‌వర్డ్‌కు బదులు దాచే, వెనక్కి తిప్పలేని కోడ్) హిస్టరీ టేబుల్ కట్టేస్తారు. అక్కడ మొదటి చిక్కు సాల్ట్, అంటే హ్యాష్ చేసేముందు పాస్‌వర్డ్‌కు కలిపే యాదృచ్ఛిక అక్షరాలు. హ్యాష్ తయారుచేసే బీక్రిప్ట్ ప్రతిసారీ కొత్త సాల్ట్ కలుపుతుంది కాబట్టి అదే పాస్‌వర్డ్‌కు రెండోసారి వేరే హ్యాష్ వస్తుంది. క్వెరీ పెట్టి వెతికితే ఎప్పటికీ దొరకదు. యూజర్ కొట్టినదాన్ని ఒక్కో పాత హ్యాష్‌తో విడివిడిగా వెరిఫై చేయాల్సిందే. ఒక్కోదానికి పావు సెకను పట్టినా, పాస్‌వర్డ్ మార్చేది ఎప్పుడో ఒకసారి కాబట్టి ఫర్వాలేదు.

అసలు లొసుగు వేరే. చివర 1 తీసి 2 పెడితే హ్యాష్ మొత్తం మారిపోతుంది, టేబుల్ కిక్కురుమనదు. నార్త్ కరోలైనా యూనివర్సిటీ పరిశోధకులు 2010లో చూపించింది ఇదే: పాత పాస్‌వర్డ్ తెలిస్తే, 17 శాతం ఖాతాల్లో కొత్తదాన్ని ఐదుసార్ల లోపే ఊహించేయొచ్చు. పోలిక పట్టాలంటే ఫారంలో ప్రస్తుత పాస్‌వర్డ్ కూడా అడగాలి. ‘ఫర్‌గాట్ పాస్‌వర్డ్’ నుంచి వచ్చినవాళ్ల దగ్గర అదీ కుదరదు. ఇక వరసగా మార్చుకుంటూ పోయి పాతదానికే చేరే తెలివైనవాళ్లు ఎలాగూ ఉంటారు. విండోస్ డొమైన్‌లో (ఆఫీసు కంప్యూటర్లన్నిటినీ ఒకచోటి నుంచి నడిపే ఏర్పాటు) 24 పాతవి గుర్తుపెట్టుకోవడంతో పాటు, మార్చాక ఒక రోజు ఆగాలన్న షరతు కూడా డిఫాల్ట్‌గా ఉండేది అందుకే.

రెండో దారి, లీకైన పాస్‌వర్డ్‌ల జాబితాతో సరిచూడటం. లీకైన పాస్‌వర్డ్‌లను పోగుచేసే ‘హ్యావ్ ఐ బీన్ పోన్డ్’ సైట్‌కు, పాస్‌వర్డ్‌కు షా-1 అనే పద్ధతిలో వచ్చే హ్యాష్‌లో మొదటి 5 అక్షరాలే పంపితే, వాటితో మొదలయ్యేవన్నీ తిరిగొస్తాయి. మిగతాది మన సర్వర్‌లోనే పోల్చుకోవచ్చు. ఎక్కడో లీకైన పాస్‌వర్డ్‌ను మన సైట్‌లో మొదటిసారి పెట్టినా ఇది పట్టేస్తుంది. హిస్టరీ టేబుల్‌కు ఆ సంగతే తెలియదు. లీక్ కాని పాతదాన్ని మాత్రం ఇది వదిలేస్తుంది.

నా ఓటు రెండోదానికే. గడువు పెట్టి పాస్‌వర్డ్ మార్పించొద్దని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017 నుంచీ చెబుతోంది. ఆ బలవంతం తీసేస్తే పాతదానికి తిరిగి వెళ్లాల్సిన అవసరమే చాలావరకు ఉండదు. ఖాతా హ్యాక్ అయి రీసెట్ చేయించేటప్పుడు ప్రస్తుత హ్యాష్‌తో ఒక్క పోలిక చాలు, దానికి టేబుల్ అక్కర్లేదు.

కార్డు పేమెంట్ల వ్యవస్థలైతే వేరే దారి లేదు. చివరి నాలుగింటిలో ఏదీ మళ్లీ పెట్టకూడదని కార్డు డేటా భద్రతా ప్రమాణమైన పీసీఐ డీఎస్ఎస్ నిబంధన. అప్పుడు నాలుగే ఉంచి, అంతకు ముందువి డిలీట్ చేయండి. సులువుగా ఛేదించగలిగే పాత హ్యాష్ పద్ధతి ఎండీ5 నుంచి బీక్రిప్ట్‌కు మారేటప్పుడు యూజర్ టేబుల్ ఒక్కటే మార్చి, హిస్టరీలో ఎండీ5 హ్యాష్‌లు అలాగే వదిలేయకండి. డేటాబేస్ పోతే దొంగ ముందు తెరిచేది వాటినే.