ఆవాలు తెమ్మన్నవాడు, పాడె ముట్టినవాడు: బౌద్ధం మేలా, క్రైస్తవం మేలా?

ఇద్దరు తల్లులున్నారు. ఇద్దరికీ ఒక్కగానొక్క కొడుకు. ఇద్దరికీ ఆ కొడుకు పోయాడు.

మొదటావిడ కిసాగోతమి, ఊరు శ్రావస్తి. చనిపోయిన పసివాణ్ణి చంకనేసుకుని, మందివ్వండని ఇంటింటికీ తిరిగి చివరికి బుద్ధుడి దగ్గరికొచ్చింది. "మందుందమ్మా, కాసిని ఆవాలు పట్రా. కాకపోతే ఇంతవరకూ ఎవరూ చావని ఇంటినుంచి తేవాలి" అన్నాడాయన. ఆవాలు లేని ఇల్లేముంటుంది? అడిగిన ప్రతి ఇంట్లోనూ ఇవ్వబోయారు. మీ ఇంట్లో ఎవరైనా పోయారా అని అడిగేసరికి ఒకరు తండ్రి పోయాడన్నారు, ఒకరు కూతురు పోయిందన్నారు. ఊరంతా తిరిగేసరికి ఆమెకి విషయం అర్థమైంది. బిడ్డను శ్మశానంలో వదిలేసి వచ్చి, భిక్షుణి అయింది.

రెండో ఆవిడ పేరు లూకా సువార్త చెప్పదు. నాయీను అనే ఊళ్లో ఒక విధవరాలు, అంతే. కొడుకు పాడె ఊరి గవిని (ద్వారం) దాటుతుండగా యేసు ఎదురొచ్చాడు. ఆమె ఏమీ అడగలేదు. ఆయనే కనికరపడి "ఏడువవద్దు" అన్నాడు. పాడె ముట్టి, "చిన్నవాడా, లెమ్మని నీతో చెప్పుచున్నాను" అన్నాడు. వాడు లేచి కూర్చుని మాట్లాడాడు. వాణ్ణి తల్లికి అప్పగించాడు.

బౌద్ధం, క్రైస్తవం రెంటిలో ఏది మేలని ఎవరైనా నన్నడిగితే త్రిత్వం, శూన్యవాదం లాంటి సిద్ధాంతాల దగ్గర మొదలెట్టను. ఈ రెండు కథలూ చెప్పి, మీ ఇంట్లో బిడ్డ పోయిననాడు ఇద్దరిలో ఎవరు ఎదురు రావాలనుకుంటారని అడుగుతాను. యేసే రావాలంటారు ఎవరైనా. నేనూ అదే అంటాను. కానీ ఆ తరవాత ఇన్ని వందల ఏళ్లలో ఊళ్ల గవినులు దాటిన పాడెలన్నీ శ్మశానానికే వెళ్లాయి గదా. దానికి చర్చి చెప్పే జవాబు, ఆ చివరి రోజున అందరూ లేస్తారని. మాటిచ్చినవాడు తానే మూడో రోజు లేచాడు కాబట్టి ఆ మాట నమ్మొచ్చని. అది నమ్మినవాడికి సమాధిలో ఉన్న మనిషి మళ్లీ కలవబోయే మనిషి. బుద్ధుడు అలాంటి మాట ఇవ్వలేదు. ఆయనిచ్చిన మందు చేదుగా ఉంటుంది, కానీ ఆ రోజుకారోజే పని చేస్తుంది.

మా ఇంట్లో ఈ లెక్క రోజూ నడుస్తుంది. పెద్దమ్మది ఒంగోలు వైపు. 1876-78 కరువు అయ్యాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2222 మందికి అమెరికన్ బాప్టిస్టు మిషన్ వాళ్లు బాప్తిస్మం ఇచ్చారు. మా ముత్తాత తల్లిదండ్రులు ఆ గుంపులో ఉన్నారని ఆవిడ గట్టి నమ్మకం. ఆవిడ కొడుకు, మా పెద్దన్నయ్య, అంబేడ్కర్‌ను చదివి త్రిశరణాలు తీసుకుని బౌద్ధుడయ్యాడు. హాల్లో ఒక గోడకి యేసు, ఎదురు గోడకి బుద్ధుడూ అంబేడ్కరూ. ఆదివారం పొద్దున ఆవిడ బైబిలు సంచీతో బయల్దేరుతుంటే, ఆటో స్టాండు దాకా దించేది ఈయనే.

దేవుడున్నాడా అనే ప్రశ్న దగ్గర వీళ్లిద్దరూ ఎక్కువసేపు ఆగరు. నిజానికి బుద్ధుడూ ఆగలేదు. లోకం శాశ్వతమా కాదా చెబితేగానీ నీ దగ్గర ఉండనని మాలుంక్యపుత్తుడనే శిష్యుడు పట్టుబడితే, విషబాణం గుచ్చుకున్నవాడు ఆ బాణం వేసిందెవరు, వాడిది ఏ ఊరు, వింటినారి దేనితో చేశారు అని ఆరా తీస్తూ కూర్చుంటే చచ్చిపోతాడన్నాడు. ముందు బాణం పీకాలి. దుఃఖం ఉంది, దానికి కారణం తృష్ణ, అది ఆగుతుంది, ఆపడానికి ఎనిమిది అంగాల దారి ఉంది: ఆయన చెప్పిన నాలుగు సత్యాలూ వైద్యుడి చీటీలాగే ఉంటాయి. క్రైస్తవంలో జబ్బు పేరు వేరు. అక్కడ దాన్ని పాపం అంటారు. అది మనిషి తనంతట తాను నయం చేసుకోగలిగిన జబ్బు కాదంటారు. అసలు తేడా ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది. తప్పు చేసినవాడి సంగతి చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది.

అంగుళిమాలుడు చంపినవాళ్ల వేళ్లు దండ గుచ్చి మెళ్లో వేసుకున్న దొంగ. బుద్ధుడు వాణ్ణి సంఘంలో చేర్చుకున్నాడు. వాడు నిజంగానే మారాడు, తృష్ణలన్నీ తెగిన అర్హంతుడయ్యాడు. అయినా ఒకరోజు భిక్షకు వెళ్తే జనం విసిరిన రాళ్లు, కర్రలు తగిలాయి. తల పగిలి, పాత్ర పగిలి, చీవరం (భిక్షువు వస్త్రం) చిరిగి, రక్తం కారుతూ తిరిగొచ్చాడు. బుద్ధుడు ఓదార్చలేదు. ఓర్చుకో, నరకంలో ఎన్నో వేల ఏళ్లు అనుభవించాల్సింది ఇక్కడే అనుభవిస్తున్నావన్నాడు.

సిలువ మీద యేసు పక్కన వేలాడినవాడూ నేరస్థుడే. మనకిది న్యాయమే అని పక్కవాడితో ఒప్పుకున్నాడు. నన్ను జ్ఞాపకం చేసుకో అని ఒక్క మాట అడిగాడు. "నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు" అనే జవాబు వచ్చింది. వాడికి బాప్తిస్మం లేదు, మంచి పని చేయడానికి మిగిలిన రోజు లేదు, కట్టాల్సిన బాకీ కూడా లేకుండా పోయింది.

హతుడి ఇంటివాణ్ణయితే నాకు అంగుళిమాలుడి కథే న్యాయంగా కనిపిస్తుంది. సిలువ మీది దొంగను పరదైసుకు పంపేముందు మా ఇంటికొచ్చి ఒక మాట అడిగి ఉండాల్సింది అంటాను. తప్పు నాదైతే, అదీ దిద్దుకోవడానికి వీల్లేనిదైతే, నాకు రెండో కథే కావాలి. తాగుబోతు తండ్రులు, చేయి చేసుకున్న మొగుళ్లు ఎందరో పల్లె చర్చిల్లో లేచి నిలబడి సాక్ష్యం చెప్పి, మరుసటి రోజు నుంచి కొత్త మనుషుల్లా బతకడం నేను చూశాను. కొన్నాళ్లకి మళ్లీ జారిపోయినవాళ్లనూ చూశాను. అయినా "నీ పాత బాకీ కొట్టేశాం" అన్న మాట మనిషిని లేపినంతగా "ఓర్చుకో" అన్న మాట లేపదు.

ఇంకో జత కూడా ఉంది. తప్పిపోయిన కుమారుడి కథ బైబిల్లోనే ఉందనుకుంటాం. సద్ధర్మ పుండరీక సూత్రమనే బౌద్ధ గ్రంథంలోనూ ఒకడు ఇల్లొదిలి పోయి, బికారై తిరిగొస్తాడు. లూకాలో తండ్రి దూరం నుంచే చూసి పరుగెత్తి మెడ మీద పడి ముద్దు పెట్టుకుంటాడు. ఆ పూటే ఉంగరం, వస్త్రం, విందు. సూత్రంలో కొడుకు ఆ భవనాన్ని చూసి జడుసుకుంటాడు, తండ్రిని గుర్తుపట్టడు. దాంతో తండ్రి వాణ్ణి పేడ ఎత్తే పనిలో పెట్టుకుంటాడు, తానే మురికి బట్టలేసుకుని పక్కన చేరతాడు. అలా ఇరవై ఏళ్లు. మెల్లగా ఖజానా అప్పగించి, చావబోయేముందు వీడు నా కొడుకని అందరి ముందూ చెబుతాడు. మొదట చదివినప్పుడు ఆ తండ్రి మీద ఒళ్లు మండింది నాకు. ఇప్పుడు అంత మండదు. భవనం చూసి జడుసుకునేవాళ్లు ఎక్కువమందే ఉన్నారు.

రోజువారీ నడవడి దగ్గరికొస్తే రెండూ దాదాపు ఒకే మాట చెబుతాయి. చంపొద్దు, దొంగిలించొద్దు, వ్యభిచారం వద్దు, అబద్ధం వద్దు. బౌద్ధుల అయిదు నియమాలైన పంచశీలలో అయిదోది మత్తు వద్దని. పది ఆజ్ఞల్లో అది లేదు, అయినా మన పల్లె చర్చిల్లో తాగుడంటే పాపమే, ప్రభువు బల్ల దగ్గర ఇచ్చేది కూడా చాలాచోట్ల పులియని ద్రాక్షరసమే. తేడా అంతా వాక్యం చెప్పే తీరులో ఉంది. "నరహత్య చేయకూడదు" అంటుంది ఆజ్ఞ. ఎవరో చెబుతున్నారు, నువ్వు వింటున్నావు. "పాణాతిపాతా వేరమణీ సిక్ఖాపదం సమాదియామి" అంటుంది శీలం. ప్రాణం తీయకుండా ఉండే శిక్షణ నేను తీసుకుంటున్నాను అని అర్థం. వ్యాయామశాలలో పేరు రాయించుకున్నట్టు ఉంటుంది. తప్పితే దేవుడికి కోపం రాదు, శిక్షణ కుంటుపడుతుంది, కర్మ ఫలం ఎలాగూ తప్పదు. పిల్లల్ని పెంచడానికి ఏ వాక్యం మేలని అడిగితే, పదేళ్ల లోపు మొదటిదీ, ఆ తరవాత రెండోదీ అంటాను.

ఆడవాళ్ల సంగతిలో రెంటికీ మచ్చలున్నాయి. దీక్ష తీసుకుని వందేళ్లయిన భిక్షుణి కూడా ఆ రోజే దీక్ష తీసుకున్న భిక్షువుకి దండం పెట్టాలని వినయ పిటకంలో, అంటే సంఘం నియమాల గ్రంథంలో, ఉంది. కాథలిక్ చర్చిలో ఆడవాళ్లు గురువులు కాలేరు. సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కాస్త ముందుకెళ్లింది. ఆ సంఘానికి తొలి మహిళా బిషప్ ఇ. పుష్పలలిత, 2013లో మన నంద్యాలలోనే.

తెలుగునాట ఏది మేలని అడిగేవాళ్లలో చాలామంది దళితులు. వాళ్లకిది నమ్మకాల చర్చ ఒక్కటే అయి ఆగదు. హిందువుగా చావనని 1935లో యేవలాలో ప్రకటించిన అంబేడ్కర్, 1956 అక్టోబర్ 14న నాగ్‌పూర్‌లో బౌద్ధం తీసుకున్నాడు. నాలుగు సత్యాలను కూడా ఆయన ఉన్నవి ఉన్నట్టు ఒప్పుకోలేదు. దుఃఖమంతా లోపలి తృష్ణ వల్లే అయితే వెలివాడ ఎవరి తృష్ణ? పెద్దన్నయ్యని లాగింది ఈ ప్రశ్నే. ఇక కాగితాల సంగతి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా దాదాపు హిందువులకే ఉండేది. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి వచ్చింది. క్రైస్తవులైన దళితులు మన రెండు రాష్ట్రాల్లోనూ ఒక్క శాతం రిజర్వేషన్ ఉన్న బీసీ-సి కిందికి వస్తారు. అందుకే ప్రార్థనకు వెళ్తూ సర్టిఫికెట్‌లో హిందువుగా ఉండిపోయే ఇళ్లు ఊరూరా ఉన్నాయి. వాళ్లను రెండు నాల్కలవాళ్లని తిట్టడం తేలిక. పిల్లవాడి సీటు పోతుందన్న టెన్షన్ ఉన్నవాడికే దాని బరువు తెలుస్తుంది.

కానీ మనుషుల తోడు కావాలంటే చర్చిని మించింది లేదు, ఇది ఒప్పుకోవాల్సిందే. జ్వరమొస్తే పాస్టరుగారు ఇంటికొస్తారు. స్త్రీల కూటం వాళ్లు వచ్చి పాట పాడి, వెళ్తూ వెళ్తూ గిన్నెలు కడిగిపెట్టి పోతారు. పెళ్లి, చావు, పొలం తగాదా, అన్నిటికీ ఓ గుంపు ఉంటుంది. అదే గుంపు కూతురు ఎవర్ని ప్రేమించిందో కూడా కనిపెడుతుంది, మాలల చర్చి, మాదిగల చర్చి అని విడిపోయి కూడా కూర్చుంటుంది, అది వేరే గొడవ. బౌద్ధం మనకి మిగిల్చింది ఎక్కువగా శిథిలాలే: అమరావతి, నాగార్జునకొండ, తొట్లకొండ, బావికొండ. ఎంత అందంగా ఉన్నా జ్వరమొస్తే అమరావతి స్తూపం ఇంటికి రాదు. పెద్దన్నయ్య వాళ్ల బృందం బుద్ధ పూర్ణిమకీ, అంబేడ్కర్ జయంతికీ కలుస్తుంది. మిగతా రోజులు ఎవరి తిప్పలు వాళ్లవి.

ఇక్కడ ఒక అడ్డుపుల్ల వేయాలి. క్రైస్తవమంటే కృప, బౌద్ధమంటే స్వయంకృషి అని ఇంతసేపూ గీత గీశాను. ఆ గీత అన్నిచోట్లా నిలవదు. జపాన్‌లో షిన్‌రాన్ అనే బౌద్ధ గురువు అనుచరులు సొంత బలం వదిలేసి అమితాభ బుద్ధుడి బలం మీదే ఆనుకుంటారు. వాళ్ల మాటలు వింటే పెద్దమ్మ ఆమెన్ అంటుంది. ఇటు కొత్త నిబంధనలోనే యాకోబు పత్రిక క్రియలు లేని విశ్వాసం మృతమని కొట్టినట్టు చెబుతుంది.

చివరికి ప్రార్థన, ధ్యానం. పెద్దమ్మ ప్రార్థన సగం పోట్లాట. "ఏంటి ప్రభువా, నా మోకాళ్లు నీకు కనబడ్డంలేదా?" అని గట్టిగానే అడుగుతుంది. కీర్తనల్లో దావీదూ ఇలాగే అడిగాడు గదా అంటుంది. వినేవాడు ఉన్నాడన్న ధీమా ఆవిణ్ణి నిలబెట్టింది, పెదనాన్న పోయినప్పుడు కళ్లారా చూశాను. ధ్యానంలో వినేవాడు లేడు. ఊపిరి వస్తోంది, పోతోంది, కోపం వస్తోంది, పోతోంది, చూస్తూ కూర్చోవాలి. నాకు కోపం ఎక్కువ, దాని వరకు ప్రార్థన కంటే ఈ చూడడమే పనిచేసింది. బాధ మాత్రం ఎవరితోనైనా చెప్పుకుంటేగానీ దిగదు. నా అనుభవంలో ఏది మేలన్నది ఆ రోజు పట్టింది కోపమా, బాధా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

పెద్దన్నయ్య ఒకసారి హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డు మీదున్న ధమ్మఖేత్తలో పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరానికి వెళ్లొచ్చాడు. అక్కడివాళ్లు దీన్ని మతమనరు, ఎవరైనా రావచ్చంటారు. ఫీజు ఉండదు, అయ్యాక ఇవ్వగలిగింది ఇవ్వొచ్చు. తెల్లవారుజామున నాలుగింటికి గంట, రోజుకి పది గంటల దాకా కూర్చోవడం, ఫోను వాళ్లకి అప్పజెప్పాలి, మౌనం. ఇంటికొచ్చాక పెద్దమ్మ కంచం పెడుతూ అడిగింది.

"పది రోజులూ ఎవరితోనూ మాట్లాళ్లేదంట్రా?"

"లేదమ్మా."

"దేవుడితో కూడానా?"

అన్నయ్య నవ్వి, పప్పు వడ్డించమన్నాడు.