తోలు సీటా, రెక్సిన్ సీటా?

నల్లగొండ నుంచి నాగార్జునసాగర్ దాకా సైకిల్ తొక్కితే సీటు సంగతి తెలిసిపోతుంది. ఫోమ్ మీద రెక్సిన్ తొడిగిన సీటు ఎక్కగానే మెత్తగా ఉంటుంది. రానురాను ఫోమ్ అణిగి, చెమట నిలిచి తొడలు ఒరుసుకుపోతాయి. తోలు సీటు మొదట్లో చెక్కలా గట్టి. ఓపికగా కొన్ని వందల కిలోమీటర్లు తొక్కితే కూర్చునే ఎముకల కింద రెండు గుంటలు పడతాయి. నా సీటును తడిమితే అవి వేలికి తగులుతాయి.

చాకిరీ మాత్రం తప్పదు. వానొస్తే ప్లాస్టిక్ కవర్ కట్టాలి. తడిస్తే నీడలోనే ఆరబెట్టాలి. మన ఎండకు బిరుసెక్కి పగులుతుంది. మైనం కలిసిన తోలు క్రీమ్ పలచగా రాస్తే చాలు. నూనె దట్టంగా పట్టిస్తే తోలు సాగి ఉయ్యాలలా దిగిపోతుంది. అలా సాగితేనే సీటు ముక్కు కింద ఉండే బోల్టును కాస్త కాస్తగా బిగించాలి.

రోజంతా ఎండలోనే సైకిల్ నిలిపేవాళ్లకు రెక్సినే మేలు. దూరాలు తొక్కేవాళ్లకు తోలు సీటే చెప్తాను.