క్యాట్‌ఫిష్‌కి ఓవాప్రిమ్: ఆరు సీజన్లు వాడాక

ఓవాప్రిమ్ అంటే చేపల చేత గుడ్లు వదిలించడానికి ఎక్కించే హార్మోన్ ఇంజెక్షన్. మందు బాగా పనిచేస్తుంది, ముందే చెప్పేస్తున్నా. కానీ మొదటి రెండు సీజన్లలో ఏ బ్యాచ్ గుడ్లు పోయినా దాన్నే తిట్టుకున్నాను. తీరా చూస్తే తప్పు దాదాపు ప్రతిసారీ నాదే.

అంతకుముందు పీయూష గ్రంథులు (మెదడు కింద ఉండే హార్మోన్ గ్రంథులు) వాడేవాణ్ణి. వేరే చేపల తలల్లోంచి తీసి, అసిటోన్‌లో ఆరబెట్టి, తూచి, నూరి, సెలైన్‌లో కలిపి ఎక్కించాలి. ఇంత చేసినా ఒక గ్రంథికి ఉన్న బలం ఇంకోదానికి ఉండదు. ఓవాప్రిమ్ సీసాతో ఆ బాధ పోయింది. ఇందులో మిల్లీలీటరుకు 20 మైక్రోగ్రాముల సాల్మన్ జీఎన్‌ఆర్‌హెచ్ అనలాగ్ (పీయూష గ్రంథిని పనిచేయించే సాల్మన్ చేప హార్మోన్‌కి కృత్రిమ రూపం), 10 మిల్లీగ్రాముల డోంపెరిడోన్ ఉంటాయి. ట్యాంకులో పెరిగిన ఆడచేపకు గుడ్లు తయారైనా మెదడులోని డోపమైన్ అనే రసాయనం అడ్డుపడి విడుదల కావు. డోంపెరిడోన్ ఆ అడ్డు తీస్తే, అనలాగ్ చేప సొంత గ్రంథి చేతే హార్మోన్ వదిలిస్తుంది.

ఆడచేపకు కిలోకి అర మిల్లీలీటరు, ఒకే డోసు వేస్తాను. 10 మిల్లీలీటర్ల సీసా 20 కిలోల చేపలకు వస్తుంది. వెన్ను రెక్క దగ్గర కండలో వాలుగా గుచ్చి, సూది తీశాక వేలితో రుద్దాలి, లేకపోతే సగం మందు బయటికి కారుతుంది. తలమీద తడి తువ్వాలు కప్పితే చేప కదలదు. ఈ సంగతి తెలిసేలోపే రెక్క ముల్లు నా అరచేతిలో దిగింది.

మగవాటికి వేయడం మానేశాను. నేను పెంచే క్లారియస్ జాతి క్యాట్‌ఫిష్‌లో మగచేపను ఎంత నొక్కినా వీర్యం రాదు, చంపి వృషణాలు తీయాల్సిందే. ఇప్పటికీ ఆ పని నాకు ఇష్టం లేదు.

అసలు చిక్కంతా టైములో ఉంది. నీళ్లు 25 డిగ్రీలుంటే గుడ్లు వదలడానికి సుమారు 12 గంటలు పడుతుంది, 28 ఉంటే 9 గంటలు చాలు. ఒకసారి రాత్రి చలి పెరిగి నీళ్లు చల్లబడ్డాయి. నేను గడియారం చూసి తెల్లవారుజామునే గుడ్ల కోసం పొట్ట పిండాను. గుడ్లకు బదులు నెత్తురొచ్చింది, ఆ తల్లి చేప మూడో రోజు చచ్చిపోయింది. ఇంకోసారి ఎండాకాలంలో కునుకు పట్టి మూడు గంటలు ఆలస్యంగా లేచాను. గుడ్లు ధారగా వచ్చాయి, సంతోషించాను. కానీ ఆలస్యానికి అవి పాడైపోయాయి, మర్నాటికి ట్యాంకంతా తెల్లగా బూజు. ఇప్పుడు గంటకోసారి నీళ్ల వేడి రాసుకుంటాను. పొట్టమీద వేలితో మెల్లగా ఒత్తితే గుడ్లు వాటంతటవే జారాలి. జారకపోతే చేపను వదిలేసి ఇంకో అరగంట ఆగుతాను.

పిండేముందు చేపను పొడిగా తుడవాలి. గుడ్డుకి నీరు తగిలిందంటే వీర్యం లోపలికెళ్లే రంధ్రం కాసేపట్లో మూసుకుపోతుంది. వీర్యం కూడా నీటిలో నిమిషానికి మించి చురుగ్గా ఉండదు. అందుకే గుడ్లు, వీర్యం పొడి గిన్నెలోనే ఈకతో కలిపి, ఆ తర్వాతే నీళ్లు పోస్తాను.

పచ్చి గుడ్లను మాత్రం ఈ మందు పండించలేదు. పొట్ట ఉబ్బుగా ఉందని మోసపోయి మేత తిన్న చేపకు వేసిన రోజులున్నాయి! ఇప్పుడు ముందురోజు మేత ఆపి, సన్నటి గొట్టంతో నాలుగు గుడ్లు తీసి చూస్తాను. అన్నీ ఒకే సైజులో, విడివిడిగా ఉంటేనే సిరంజి పట్టుకుంటాను.

ఈ సీజన్‌కి మళ్లీ ఇదే సీసా తెప్పించాను. పాత థర్మామీటరు ఒక డిగ్రీ ఎక్కువ చూపిస్తోందని తేలింది, అది కూడా మార్చాను.