తెల్లవారుజామున నాలుగింటికి ఎర్ర చుక్క: ఫర్మ్స్, సెంటినెల్-2 వాడి చూశాక

అడవి పటాలు గీయడం నా పని. ఈసారి కార్చిచ్చుల కాలం మొదలవకముందే ఉపగ్రహాలకి మంట కనిపించిన చోట పటం మీద ఎర్ర చుక్క పెట్టే నాసా వాళ్ల ఫర్మ్స్ సైటులో మేం చూసుకునే అడవి చుట్టూ గీత గీసి ఈమెయిల్ అలర్ట్ పెట్టుకున్నాను. పైసా కట్టక్కర్లేదు.

మొదటి అలర్ట్ తెల్లవారుజామున నాలుగింటికి వచ్చింది. ఫారెస్ట్ వాచర్‌ని లేపి, టార్చ్ పట్టుకుని ఇద్దరం పరుగెత్తాం. చుక్క ఉన్న చోట ఒక బండ తప్ప ఏమీ లేదు. "మీ చుక్క ఇక్కడుంది, మరి మంటేది మేడమ్?" అన్నాడతను. పొగ వాసన మాత్రం వస్తోంది. చివరికి రెండు వందల మీటర్ల అవతల, గుట్ట వెనక దొరికింది.

తప్పు నాదే. వివరాలు చదవకుండానే వాడేశాను. ఆ చుక్కలు పంపే విర్స్ అనే ఉపగ్రహ సెన్సర్ నేలని 375 మీటర్ల గళ్లుగా చూస్తుంది. గడిలో ఎక్కడ వేడి తగిలినా చుక్క మాత్రం గడి నడిమధ్యనే పడుతుంది. పాత మోడిస్ సెన్సర్‌దైతే కిలోమీటరు గడి. అంత పెద్ద గడిలో వెయ్యి చదరపు మీటర్ల మంటని కూడా పట్టేస్తుందంటే మెచ్చుకోవాల్సిందే. మండుతున్న చోటు నుంచి 4 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర వేడి కిరణాలు విపరీతంగా వస్తాయి, చుట్టుపక్కల నేలతో పోల్చి దాన్ని గుర్తిస్తుంది.

విర్స్ ఉన్న ఉపగ్రహాలు మధ్యాహ్నం, అర్ధరాత్రి దాటాక ఒంటిగంటన్నర ప్రాంతంలో మీదుగా పోతాయి. సమాచారం మన చేతికి రావడానికి మూడు గంటల దాకా పడుతుంది. నాకు నాలుగింటికి మెయిల్ ఎందుకొచ్చిందో అప్పుడర్థమైంది. సాయంత్రం అంటుకుని రాత్రి పదికల్లా ఆరిపోయిన మంట ఊసే ఉండదు. మబ్బు అడ్డొచ్చినా అంతే. చుక్క లేదు కదా అని నిశ్చింతగా పడుకోవద్దు. పగటి చుక్క పక్కన నమ్మకం 'లో' (తక్కువ) అని ఉంటే ముందు నీళ్ల మీద ఎండ మెరుపేమో చూసుకోండి.

అలర్ట్‌కి ఫర్మ్స్ సరే. ఎంత కాలిందో లెక్క కావాలంటే మాత్రం ఆ చుక్కలు కలిపి గీత గీయకండి. దానికి నేల చిత్రాలు తీసే యూరప్ వాళ్ల ఉపగ్రహం సెంటినెల్-2 ఉంది. ఐదు రోజులకోసారి వస్తుంది, పది, ఇరవై మీటర్ల స్పష్టత. ఆ చిత్రాలు దొరికే కోపర్నికస్ బ్రౌజర్ అనే సైటులో ఉచిత ఖాతా తెరిస్తే చాలు. కంటికి కనిపించని కాంతిలో రెండు రకాలు ఇక్కడ పనికొస్తాయి: పచ్చని ఆకు నియర్ ఇన్‌ఫ్రారెడ్‌ని బాగా వెనక్కి కొడుతుంది, షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్‌ని మింగేస్తుంది. కాలిన నేల దీనికి తలకిందులు. ఈ రెంటితో ఎన్‌బీఆర్ అనే సూచిక కట్టి, మంటకు ముందుదాంట్లోంచి తర్వాతది తీసేస్తే నష్టం పటం వస్తుంది. తేడా 0.1 లోపైతే కాలనట్టు, 0.66 దాటితే తీవ్రంగా కాలినట్టు అని వాడుకలో ఉన్న కొలత.

ఇక్కడా నేను బోల్తా పడ్డాను. ఆకులు నిండుగా ఉన్నప్పటి చిత్రాన్ని 'ముందు' అని, ఆకు రాలాక తీసినదాన్ని 'తర్వాత' అని పెట్టాను. అంటుకోని వాలు కూడా కాలినట్టు చూపించింది! మంటకు రెండు మూడు వారాల లోపు చిత్రమో, అది లేకపోతే పోయినేడు అదే రోజులదో తీసుకోండి. పై కొమ్మలు పచ్చగా ఉండి కింద ఎండుటాకు మాత్రమే కాలితే పైనుంచి కనిపించదు. ఆ లెక్క కాలినడకనే తేల్చాం, చెట్టు మొదళ్ల మీద మసి ఎంత ఎత్తుందో చూసుకుంటూ.

ఎక్కడ అంటుకోవచ్చో ముందే చెప్పే పటాలు నాకంతగా నచ్చలేదు. ఆకుల్లో తేమ తగ్గడం ఉపగ్రహానికి కనిపిస్తుంది కానీ, అగ్గిపుల్ల పడేది కింద ఎండుటాకు మీద కదా. గాలి, ఎండ, వాన లెక్కలతో కట్టిన ఫైర్ వెదర్ ఇండెక్స్‌ని పక్కన పెట్టుకుంటేనే పనికొచ్చాయి.

ఫర్మ్స్‌కి ఐదుకి నాలుగు, సెంటినెల్-2కి నాలుగున్నర. వచ్చే సీజన్ కోసం అలర్ట్ గీతని అడవి హద్దుకి కిలోమీటరు బయటికి జరిపాను. ఈసారి నాలుగింటికి ఫోన్ మోగితే ముందు గుట్ట వెనక్కే పోదామని వాచర్ ఇప్పుడే చెప్పేశాడు.